కారు రేసు హెల్మెట్

కారు రేసు హెల్మెట్ అనగా రేసు ట్రాకుపై కారు నడిపేవారు తలకు రక్షణగా ధరించే శిరస్త్రాణం. చూడటానికి ఇది మోటారు సైకిలు హెల్మెట్‌ను పోలి ఉంటుంది. కాని ఈ రెండింటినీ వేర్వేరు ప్రమాదాలను దృష్టిలో ఉంచుకొని తయారు చేస్తారు. ద్విచక్ర వాహనం నడిపే వ్యక్తి ప్రమాద సమయంలో బండి మీది నుంచి ఎగిరి రోడ్డుపై పడతాడు. కారు రేసరు మాత్రం బెల్టులతో సీటుకు బిగించిన స్థితిలోనే ఉంటాడు. అతని తల కారులోని ఉక్కు గొట్టాల చట్రానికి ఒకటికి రెండుసార్లు తగలవచ్చు, కారుకు మంటలు అంటుకోవచ్చు, శరీరం ఆగిపోయి తల ఒక్కటే ముందుకు విసరబడవచ్చు. అందుచేత రేసు హెల్మెట్‌ను ఎంచుకొనేటప్పుడు రంగు, ఆకారం, ధర అనేవాటికన్నా ముందుగా అది ఏ ప్రమాణం ప్రకారం పరీక్షకు నిలిచినదో చూడవలసి ఉంటుంది.

తెలుగు ప్రాంతంలో కారు రేసులు

దక్షిణ భారతదేశంలో కారు రేసులకు చాలాకాలంగా తమిళనాడు ప్రధాన కేంద్రం. చెన్నై సమీపాన ఇరుంగాట్టుకోట్టై వద్ద 1990లో ప్రారంభమైన మద్రాసు అంతర్జాతీయ సర్క్యూట్, కోయంబత్తూరు దగ్గరి కారి మోటార్ స్పీడ్‌వే ఇందులో ముఖ్యమైనవి. తెలుగు రాష్ట్రాల నుంచి ఈ క్రీడలోకి వెళ్ళిన పలువురు ఈ ట్రాకులపైనే పోటీ చేశారు. హైదరాబాదుకు చెందిన అనిందిత్ రెడ్డి 2016, 2017 సంవత్సరాల్లో యూరో జె.కె. విభాగంలో జాతీయ విజేతగా నిలిచాడు.

తెలుగు నేలపై కారు రేసు అందరి దృష్టినీ ఆకర్షించినది 2022లో. ఆ ఏడాది నవంబరు, డిసెంబరు నెలల్లో హైదరాబాదులోని హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఎన్.టి.ఆర్. మార్గ్ పరిసరాల రోడ్లపై ఇండియన్ రేసింగ్ లీగ్ పోటీలు ఏర్పాటయ్యాయి. 2023 ఫిబ్రవరి 11న అదే ప్రాంతంలో, సుమారు 2.8 కిలోమీటర్ల పొడవైన ట్రాకుపై విద్యుత్ కార్ల ప్రపంచ పోటీ అయిన ఫార్ములా-ఈ జరిగింది. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ ఇందులో గెలిచాడు. 2024లో జరగవలసిన రెండవ పోటీ రద్దయింది. ఇటువంటి వీధి ట్రాకుల్లో రోడ్డు పక్కనే కాంక్రీటు గోడలు ఉంటాయి. అదుపు తప్పిన కారు వేగం తగ్గడానికి ఖాళీ స్థలం తక్కువగా ఉంటుంది కనుక తల, మెడల రక్షణకు ఇక్కడ ప్రాధాన్యం మరింత ఎక్కువ.

ఐ.ఎస్.ఐ. గుర్తు - దాని పరిమితి

నిడదవోలు వంటి గోదావరి ప్రాంతపు పట్టణంలో హెల్మెట్ కొనబోతే దుకాణంలో కనిపించేది ద్విచక్ర వాహనపు హెల్మెట్. దానిపై ఉండే ఐ.ఎస్.ఐ. గుర్తు ఐ.ఎస్. 4151 అనే భారతీయ ప్రమాణానికి సంబంధించినది. మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షను ద్విచక్ర వాహనదారులకు హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. 2021 జూన్ 1 నుంచి ఈ గుర్తు లేని ద్విచక్ర హెల్మెట్లను తయారు చేయడం, అమ్మడం నిషిద్ధం.

ఈ గుర్తు నిజమైనదైతే ఆ హెల్మెట్ రోడ్డుపై బండి నడపడానికి తగినదని అర్థం. ట్రాకుపై కారు నడపడానికి తగినదని అర్థం కాదు. ఆ ప్రమాణం ద్విచక్ర వాహనదారుల కోసం రాసినది. కారు రేసులకు ముఖ్యమైన అగ్ని పరీక్ష, ఉక్కు చట్రానికి పదేపదే తాకించే పరీక్ష, మెడ రక్షణ పరికరాన్ని తగిలించే ఏర్పాటు దాని పరిధిలోనివి కావు. రేసు హెల్మెట్‌ను పోలిన బొమ్మలు, గీతలు, వెనుక చిన్న రెక్క ఉన్నంతమాత్రాన అది రేసు హెల్మెట్ కాదు. ఇందుకు విపర్యయం కూడా నిజమే. కారు రేసు హెల్మెట్ ధరించి రోడ్డుపై మోటారు సైకిలు నడపడం తగదు. దాని ముఖద్వారం ఇరుకుగా ఉండి పక్కల నుంచి వచ్చే వాహనాలు సరిగా కనిపించకపోవచ్చు. ఐ.ఎస్.ఐ. గుర్తు లేనిచో అది చట్టానికీ సరిపోదు.

చరిత్ర

తొలినాటి రేసర్లు గుడ్డ టోపీలు, తోలు టోపీలు, దుమ్ము పడకుండా కళ్ళద్దాలు మాత్రమే ధరించేవారు. ఇప్పటి హెల్మెట్‌లోని దాదాపు ప్రతి అంశం వెనుక ఒక ప్రమాదం ఉన్నది.

1956లో అమెరికాలో పీట్ స్నెల్ అనే ఔత్సాహిక రేసరు కారు బోల్తా పడి తలకు తగిలిన గాయాలతో మరణించాడు. అతను హెల్మెట్ ధరించే ఉన్నాడు, కాని అది తలను కాపాడలేకపోయింది. ఆనాడు ఏ హెల్మెట్ మంచిదో చెప్పే పరీక్ష ఏదీ స్థిరపడి లేదు. అతని పేరిట 1957లో స్నెల్ స్మారక సంస్థ ఏర్పడి హెల్మెట్లను పరీక్షించి, ప్రమాణాలను ప్రకటించడం మొదలుపెట్టింది.

1968లో అమెరికా రేసరు డాన్ గర్నీ ఫార్ములా వన్ పోటీలో ముఖమంతా కప్పే హెల్మెట్‌ను తొలిసారి ధరించాడు. అంతవరకు ముఖం తెరచి ఉండే హెల్మెట్లే వాడుకలో ఉండేవి.

1976 ఆగస్టు 1న జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ వద్ద నికీ లాడా కారు గట్టును ఢీకొని మంటల్లో చిక్కుకుంది. హెల్మెట్ తలపై నుంచి జారిపోవడంతో అతని తలకు, ముఖానికి తీవ్రమైన కాలిన గాయాలయ్యాయి. హెల్మెట్ ఎంత దృఢమైనదైనా తలపై నిలవనిచో ప్రయోజనం లేదని ఈ ప్రమాదం చాటింది.

2001 ఫిబ్రవరి 18న డేటోనా 500 రేసు చివరి చుట్టులో డేల్ ఎర్న్‌హార్డ్ కారు గోడను ఢీకొనగా, పుర్రె అడుగు భాగం చిట్లి అతను మరణించాడు. ఆ రోజు అతను మెడ రక్షణ పరికరం ధరించలేదు. అదే ఏడాది నాస్కార్ సంస్థ అటువంటి పరికరాన్ని తప్పనిసరి చేసింది. ఫార్ములా వన్‌లో 2003 నుంచి ఇది అమలులోకి వచ్చింది.

2009 జూలై 25న హంగరీలో ఫెలిపే మాసా వేగంగా వెళుతుండగా ముందు కారు నుంచి ఊడిన స్ప్రింగు అతని హెల్మెట్‌కు, ఎడమ కంటి పైభాగాన తగిలింది. పుర్రెకు గాయమై ఆ ఏడాది మిగిలిన పోటీలకు దూరమైనా, 2010లో అతను తిరిగి ట్రాకుపైకి వచ్చాడు. ఆ తరువాత ఫార్ములా వన్ హెల్మెట్లలో ముఖఫలకం పై అంచున జైలాన్ పట్టీని చేర్చారు. 2019 నుంచి కంటి పైభాగాన్ని మరింత దృఢపరచిన కొత్త ప్రమాణాన్ని అమలు చేశారు.

నిర్మాణం

హెల్మెట్‌లో ప్రధానంగా ఐదు భాగాలు ఉంటాయి.

* పెంకు: ఇది పైకి కనిపించే గట్టి భాగం. రేసు హెల్మెట్లలో దీనిని గాజుపీచు లేదా కార్బన్ పీచును రెసిన్‌తో కలిపి చేస్తారు. దెబ్బను ఎక్కువ వైశాల్యానికి పంచడం, మొనదేలిన వస్తువులు లోపలికి దిగకుండా ఆపడం దీని పని.
* నురుగు పొర: పెంకు లోపల, థర్మోకోల్ జాతికి చెందిన పాలీస్టైరిన్‌తో చేసిన మందపాటి పొర. అసలు రక్షణ దీనిదే. దెబ్బ తగిలినప్పుడు ఇది నలిగి, ఆ శక్తిని తాను గ్రహిస్తుంది.
* లోపలి మెత్తలు: తలకు, చెంపలకు తగిలే గుడ్డ మెత్తలు. రేసు హెల్మెట్లలో ఇవి మంటను తట్టుకొనే బట్టతో చేసి ఉంటాయి.
* గడ్డం పట్టీ: సాధారణంగా రెండు లోహపు రింగుల గుండా దూర్చి బిగించే పట్టీ.
* ముఖఫలకం: కళ్ళ ముందు ఉండే పారదర్శక ఫలకం. దీనినే వైజర్ అంటారు.

పనిచేసే విధానం

హెల్మెట్ దెబ్బను లేకుండా చేయదు. తల ఆగడానికి పట్టే దూరాన్ని పెంచుతుంది. గట్టి గోడకు తల నేరుగా తగిలితే ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే ఆగవలసి వస్తుంది. అదే నురుగు పొర నలుగుతూ రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో ఆపినట్లయితే మెదడుపై పడే బలం ఎన్నో రెట్లు తగ్గుతుంది.

ఫార్ములా వన్‌లో వాడే 8860-2018 ప్రమాణపు పరీక్షలో కృత్రిమ తలకు తొడిగిన హెల్మెట్‌ను సెకనుకు 9.5 మీటర్ల వేగంతో దిమ్మెకు తాకిస్తారు. లోపలి తలపై పడే అవరోధం గురుత్వ త్వరణానికి 275 రెట్లు మించరాదు. సెకనుకు 9.5 మీటర్లంటే గంటకు సుమారు 34 కిలోమీటర్లు, అనగా నాలుగున్నర మీటర్ల ఎత్తు నుంచి పడినదానితో సమానం. గంటకు 200 కిలోమీటర్లు దాటే రేసులకు ఈ వేగం తక్కువగా తోచవచ్చు. కాని హెల్మెట్ ఎదుర్కొనేది కారు వేగాన్ని కాదు, కారులోని భాగాలకు తల తగిలే వేగాన్ని. కారు వేగాన్ని తగ్గించే పని కారు ముందు భాగం, అడ్డుగోడలు, సీటు, బెల్టులు చేస్తాయి. ఇవన్నీ సరిగా ఉన్నప్పుడే హెల్మెట్ తన పని తాను చేయగలదు.

నురుగు పొర ఒకసారి నలిగితే తిరిగి లేవదు. పైన పెంకు చెక్కుచెదరకుండా ఉన్నా, లోపల ఆ చోట రక్షణ తగ్గిపోయి ఉంటుంది. అందువలన ప్రమాదంలో దెబ్బ తిన్న హెల్మెట్‌ను మళ్ళీ వాడరాదు.

ప్రమాణాలు

హెల్మెట్ లోపల, సాధారణంగా మెత్తల కింద, అది ఏ ప్రమాణానికి సరిపోయినదో తెలిపే చీటీ అంటించి ఉంటుంది. కొనేముందు మెత్తను పక్కకు జరిపి ఈ చీటీని చూడాలి.

* స్నెల్ ఎస్.ఏ.: కారు రేసుల కోసం ఉద్దేశించినది. సుమారు ఐదేళ్ళకొకసారి దీనిని సవరిస్తారు. ఎస్.ఏ.2015, ఎస్.ఏ.2020, ఎస్.ఏ.2025 అనేవి ఇటీవలివి. అగ్ని పరీక్ష, ఉక్కు గొట్టాన్ని పోలిన దిమ్మెపై పలుమార్లు తాకించే పరీక్ష ఇందులో ఉంటాయి.
* స్నెల్ ఎమ్.: మోటారు సైకిళ్ళ కోసం ఉద్దేశించినది. అగ్ని పరీక్ష ఉండదు. చీటీపై స్నెల్ పేరు చూసి దీనిని కారు రేసులకు కొనడం తరచుగా జరిగే పొరపాటు.
* స్నెల్ కె.: గో-కార్టుల కోసం ఉద్దేశించినది. చాలావరకు ఎస్.ఏ. వంటిదే అయినా అగ్ని పరీక్ష ఉండదు.
* ఎఫ్.ఐ.ఏ. 8859: అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య వారి ప్రమాణం. 8859-2015, 8859-2024 అనే రూపాలున్నాయి. జాతీయ, అంతర్జాతీయ స్థాయి పోటీల్లో విస్తృతంగా వాడతారు.
* ఎఫ్.ఐ.ఏ. 8860: అత్యున్నత స్థాయి పోటీల కోసం ఉద్దేశించినది. 8860-2018 పరీక్షల్లో 225 గ్రాముల లోహపు ముక్కను గంటకు 250 కిలోమీటర్ల వేగంతో హెల్మెట్‌పైకి ప్రయోగిస్తారు. 790 డిగ్రీల సెల్సియస్ మంటలో ఉంచి, మంట తీసిన తరువాత హెల్మెట్ తనంతట తాను ఆరిపోతున్నదా అని చూస్తారు.

భారతదేశంలో కారు రేసులను పర్యవేక్షించే సంస్థ ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా. ప్రతి పోటీకి నిర్వాహకులు ప్రత్యేక నియమావళి ప్రకటిస్తారు. ఏ హెల్మెట్లను అనుమతిస్తారో, ఏ పాత ప్రమాణాలను తిరస్కరిస్తారో అందులో ఉంటుంది. ఎఫ్.ఐ.ఏ. గుర్తించిన ప్రమాణాలన్నీ ఆ సమాఖ్య వారి 25వ సాంకేతిక జాబితాలో కలవు. పోటీకి ముందు జరిగే తనిఖీలో హెల్మెట్ నిలవకపోతే కారు ఎంత బాగున్నా ట్రాకుపైకి వెళ్ళనివ్వరు. కనుక నియమావళి చదివిన తరువాతనే కొనడం ఉత్తమం.

తలకు సరిపోయేలా ఎంచుకోవడం

ప్రమాణం తరువాత ముఖ్యమైనది కొలత. కనుబొమలకు సుమారు రెండున్నర సెంటీమీటర్ల పైన, చెవుల మీదుగా, తల వెనుక ఉబ్బెత్తు భాగాన్ని చుట్టి టేపుతో కొలవాలి. వచ్చిన సెంటీమీటర్లను తయారీదారు ఇచ్చిన పట్టికతో పోల్చి చూడాలి. ఒక సంస్థ కొలత మరొక సంస్థ కొలతతో కలవకపోవచ్చు. చుట్టుకొలత ఒకటే అయినా కొందరి తల గుండ్రంగా, కొందరిది కోలగా ఉంటుంది. అందువలన తొడిగి చూడకుండా కొనడం మంచిది కాదు.

తొడిగిన తరువాత ఈ కింది పరీక్షలు చేయాలి.

* హెల్మెట్‌ను చేతులతో పట్టుకొని పక్కలకు, పైకి కిందికి కదపాలి. నుదుటి చర్మం, చెంపలు దానితోపాటు కదలాలి. హెల్మెట్ మాత్రమే తిరిగితే అది వదులుగా ఉన్నట్లు.
* పట్టీ బిగించి, మరొకరిచేత హెల్మెట్ వెనుక అంచును పట్టుకొని ముందుకు ఎత్తించాలి. అది తలపై నుంచి దొర్లి ఊడిరాకూడదు.
* ఇరవై నిమిషాలు ధరించి ఉండాలి. నుదుటిపై ఒకేచోట నొప్పి పుడితే ఆకారం సరిపోలేదని అర్థం. చెంపల వద్ద బిగుతుగా ఉండటం సహజం. వాడే కొద్దీ మెత్తలు కొంత సర్దుకుంటాయి.
* కళ్ళద్దాలు వాడేవారు వాటిని పెట్టుకొని చూడాలి. లోపల ధరించే ముసుగు కూడా వేసుకొని కొలత సరిచూడాలి.

తరువాత మెత్తబడుతుందని మరీ బిగుతైనది గాని, పిల్లలు ఎదుగుతారు కదా అని పెద్దది గాని కొనరాదు. పిల్లల మెడకు భారం తగ్గించేందుకు తేలికైన హెల్మెట్లను కోరే ప్రత్యేక ప్రమాణం కలదు. దీనిని సి.ఎమ్.ఆర్. అంటారు.

బరువు - మెడ రక్షణ

మనిషి తల బరువు సుమారు నాలుగున్నర నుంచి ఐదు కిలోలు. ఒకటిన్నర కిలోల హెల్మెట్‌తో కలిపితే ఆరు కిలోలు దాటుతుంది. కారు గోడను ఢీకొన్నప్పుడు అవరోధం గురుత్వానికి 50 రెట్లు ఉన్నదనుకుంటే, ఆ క్షణంలో మెడ 300 కిలోలకు పైబడిన బరువును ఆపవలసి వస్తుంది. శరీరాన్ని బెల్టులు ఆపుతాయి, తలను ఆపేది మెడ ఒక్కటే. పుర్రె అడుగు భాగం చిట్లడానికి ఇదే కారణం. హెల్మెట్ ఒక్కటే ఈ గాయాన్ని ఆపలేదు.

దీనికి పరిష్కారంగా అమెరికాకు చెందిన ఆచార్యుడు రాబర్ట్ హబ్బర్డ్, రేసరు జిమ్ డౌనింగ్ కలిసి 1980వ దశకంలో హాన్స్ అనే పరికరాన్ని రూపొందించారు. ఇది భుజాలపై కూర్చొని, రేసు బెల్టుల కింద నిలుస్తుంది. దీని నుంచి రెండు పట్టీలు హెల్మెట్ ఇరుపక్కల ఉన్న లోహపు గుబ్బలకు తగిలి ఉంటాయి. తల ముందుకు విసరబడినప్పుడు ఆ బలాన్ని మెడకు బదులు ఈ పట్టీలు మోస్తాయి. ఎఫ్.ఐ.ఏ. 8858 ప్రమాణం ఈ పరికరానికి సంబంధించినది.

కనుక హెల్మెట్ కొనేటప్పుడు గుబ్బలను బిగించే మరలు తయారీలోనే అమర్చి ఉన్నాయా అని చూడాలి. మామూలు హెల్మెట్‌కు రంధ్రాలు చేసి గుబ్బలు బిగించడం పెంకును బలహీనపరుస్తుంది. రోడ్డు కార్లలో ఉండే మూడు కొనల బెల్టుతో హాన్స్ పనిచేయదని కూడా గుర్తుంచుకోవాలి. రెండు భుజాల మీదుగా వచ్చే రేసు బెల్టులు ఉంటేనే అది నిలుస్తుంది. సొంత కారును ట్రాకుపైకి తీసుకువెళ్ళేవారు ఈ విషయాన్ని ముందుగా నిర్వాహకులతో సరిచూసుకోవాలి.

ముఖం తెరచిన రకం, మూసిన రకం

పైకప్పు లేని ఒంటిసీటు కార్లలో ముఖమంతా కప్పే హెల్మెట్‌నే వాడాలి. రాళ్ళు, టైరు ముక్కలు, ఇతర కార్ల నుంచి ఊడిన భాగాలు నేరుగా ముఖం మీదికి రావచ్చు. ర్యాలీల్లో పైకప్పు ఉన్న కారులో సహచరుడితో నిరంతరం మాట్లాడవలసి ఉండటం వలన, గాలి ఆడటం కోసం, ముఖం తెరచిన రకాన్ని కొందరు ఎంచుకుంటారు. అయితే గడ్డానికి, దవడకు రక్షణ అందులో తక్కువ.

కొన్ని హెల్మెట్లలో చెంప మెత్తలను కింది నుంచి లాగి తీసివేసే ఏర్పాటు ఉంటుంది. గాయపడిన రేసరు మెడను కదపకుండా రక్షణ సిబ్బంది హెల్మెట్‌ను తీయడానికి ఇది ఉపకరిస్తుంది.

హెల్మెట్ లోపల మంటను తట్టుకొనే బట్టతో చేసిన ముసుగును ధరిస్తారు. దీనికి ఎఫ్.ఐ.ఏ. 8856 ప్రమాణం కలదు. నూలు లేదా నైలాన్ రుమాలు దీనికి ప్రత్యామ్నాయం కాదు. నైలాన్ మంటకు కరిగి చర్మానికి అంటుకుంటుంది.

కాలపరిమితి, సంరక్షణ

దెబ్బ తగలకపోయినా చెమట, వేడి, వాడకం వలన హెల్మెట్‌లోని జిగురు, మెత్తలు క్రమంగా పాడవుతాయి. ఐదేళ్ళకొకసారి మార్చుకోవాలని స్నెల్ సంస్థ సూచిస్తుంది. పాత ప్రమాణపు హెల్మెట్ తక్కువ ధరకు దొరికినా, నిర్వాహకులు దానిని ఎంతకాలం అనుమతిస్తారో చూసి కొనాలి. ఒకరు వాడిన హెల్మెట్‌కు దెబ్బ తగిలినదీ లేనిదీ బయటి నుంచి తెలియదు కనుక దానిని కొనకపోవడమే మేలు.

గోదావరి తీరం వంటి తేమ ప్రదేశాల్లో వాడిన హెల్మెట్‌ను సంచిలో మూసి ఉంచితే మెత్తలకు బూజు పడుతుంది. నీడలో, గాలి తగిలేచోట ఆరనివ్వాలి. ఎండాకాలంలో కారు డిక్కీలో వదలరాదు. మెత్తలను సబ్బునీటితో మాత్రమే శుభ్రపరచాలి. పెట్రోలు, థిన్నరు, ఘాటైన రసాయనాలు పెంకునూ నురుగునూ దెబ్బతీస్తాయి. రంగు వేయించదలచినవారు తయారీదారు అనుమతించిన రంగునే వాడాలి.

ఎంపికలో వరుస

హెల్మెట్ కొనేవారు మొదట పోటీ నియమావళిని, ఆ తరువాత లోపలి చీటీపై ఉన్న ప్రమాణాన్ని, పిమ్మట తలకు సరిపోవడాన్ని, మెడ రక్షణ పరికరానికి తగిన మరలను, బరువును ఈ వరుసలోనే చూడాలి. ధర, రంగు చివరివి. తలకు సరిగా అమరిన ఎస్.ఏ. హెల్మెట్, వదులుగా ఉన్న ఖరీదైన కార్బన్ హెల్మెట్ కన్నా ఎక్కువ రక్షణ ఇస్తుంది.

ఇవి కూడా చూడండి

* ఫార్ములా వన్
* గో-కార్టింగ్
* సీటు బెల్టు
* నిడదవోలు